వానలో లాంగ్ ఎక్స్‌పోజర్ చిత్రాలు: ఏ ఫిల్టర్, ఏ రక్షణ, ఏ చోటు?

నైరుతి రుతుపవనాలు తెలుగు రాష్ట్రాలను తాకిన కొద్ది వారాలకే బొగత, కుంటాల, అరకు దారుల్లో ట్రైపాడ్ భుజాన వేసుకున్నవాళ్లు కనిపించడం మొదలవుతుంది. పారే నీటిని మెత్తని తెల్లటి ధారగా, కదిలే మబ్బును సాగిన చారగా చూపే లాంగ్ ఎక్స్‌పోజర్ చిత్రాలకు ఏమేమి కొనాలని వీరిలో కొత్తవారు అడిగితే, సాధారణంగా మూడు పేర్లు వినిపిస్తాయి: పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురును తగ్గించే ముదురు అద్దం; ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది), చతురస్రపు ఫిల్టర్లు పట్టే హోల్డర్, బాగా వెడల్పైన వైడ్ లెన్స్. ఇవి మంచి వస్తువులే గానీ, ఆ సలహా ఎండ కాసే రోజులను దృష్టిలో పెట్టుకుని పుట్టింది. వాన పడుతున్నప్పుడు ఈ మూడూ ఏదో ఒక చిక్కు తెచ్చిపెడతాయి.

ఎండలో మన సమస్య ఎక్కువైన వెలుతురు. వానలో వెలుతురు దానంతటదే తగ్గిపోతుంది. అప్పుడు కరువయ్యేది లెన్స్ ముందున్న అద్దం పొడిగా ఉండే సమయం. షట్టర్ తెరిచి ఉన్న ఆ కొన్ని సెకన్లలో ఒక్క చినుకు అద్దం మీద పడితే చిత్రంలో పాలిపోయిన మచ్చ ఏర్పడుతుంది, దాన్ని తరువాత సరిదిద్దడం చాలాసార్లు అసాధ్యం. అందుకే ఫిల్టరైనా, గొడుగైనా, లెన్సైనా, చివరికి నిలబడే చోటైనా, అది అద్దాన్ని పొడిగా ఉంచడానికి తోడ్పడుతుందా, తడిసే అవకాశాన్ని పెంచుతుందా అన్న ప్రశ్నతోనే ఇక్కడ తూచి చూస్తున్నాను.

ముందు వెలుతురు లెక్క

దట్టంగా మబ్బు పట్టిన పగటిపూట, బయలు ప్రదేశంలో, ఐఎస్‌ఓ (సెన్సార్ వెలుతురుకు స్పందించే స్థాయి) 100, ఎపర్చర్ (లెన్స్ లోపల వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/11 దగ్గర షట్టర్ స్పీడ్ సుమారుగా సెకనులో 30వ వంతు వస్తుంది. వాన పడుతున్న అడవిలో, చెట్ల కొమ్మల కింద అదే సెట్టింగుకు పావు సెకను వరకూ పోవడం మామూలే. ఈ రెండు అంకెలనూ ఆధారంగా తీసుకుని ఫిల్టర్లను పక్కపక్కన పెట్టి చూద్దాం.

మూడు స్టాపుల ఫిల్టర్, అంటే ఎన్‌డీ 8, బయట పావు సెకనును, అడవిలో రెండు సెకన్లను ఇస్తుంది. ఆరు స్టాపుల ఎన్‌డీ 64 పెడితే బయట రెండు సెకన్లు, అడవిలో 16 సెకన్లు వస్తాయి. పది స్టాపుల ఎన్‌డీ 1000తో బయట అర నిమిషం పైచిలుకు, అడవిలో నాలుగు నిమిషాలు దాటుతుంది. ఇక ఎన్‌డీ ఏదీ లేకుండా పోలరైజర్ (తడి ఉపరితలాల మీది మెరుపును తగ్గించే, తిప్పగల ఫిల్టర్) ఒక్కటే పెట్టుకున్నా, అది ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురును మింగుతుంది కాబట్టి, అడవిలో ముప్పావు సెకను నుంచి ఒక సెకను దాకా వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు ఎంత సమయం కావాలో చూడాలి. ఎత్తు నుంచి దూకే నీటికి పావు సెకను నుంచి ఒక సెకను వరకూ ఉంచితే ధారలోని పోగులు విడివిడిగా కనిపిస్తూనే మెత్తబడతాయి. రెండు మూడు సెకన్లు దాటాక ధార చాలావరకు ఒకే తెల్లటి పట్టీగా మారిపోయి, నీటికి ఉన్న వేగం, బరువు చిత్రంలో తెలియకుండా పోతాయి. ఇది అభిరుచికి సంబంధించిన సంగతేనని కొందరు అంటారు, కాదనను. కానీ నాలుగు నిమిషాల ఎక్స్‌పోజర్‌తో తీసిన జలపాతం ఒక సెకనుతో తీసినదానికంటే మెరుగ్గా కనిపించిన సందర్భం అరుదు. ఒడ్డును తాకి వెనక్కి జారే అల చారలు తేలడానికి అర సెకను నుంచి రెండు సెకన్లు చాలు. అర నిమిషం, అంతకు మించిన సమయం నిజంగా అవసరమయ్యేవి సముద్రాన్ని పూర్తిగా పొగమంచులా చదును చేసే చిత్రాలు, మబ్బుల నడకను చూపే చిత్రాలు మాత్రమే.

ఈ లెక్క ప్రకారం వానలో జలపాతాలు, వాగులు తీయదలచినవారు మొదట పోలరైజర్, ఆ తరువాత ఎన్‌డీ 64 కొనుక్కోవడం సరైన వరుస. ఎన్‌డీ 1000ను ఎండకాలానికి వదిలేయవచ్చు. అడవి వాగులు తప్ప ఇంకేమీ తీయనివారికి ఎన్‌డీ 64కు బదులు ఎన్‌డీ 8 సరిపోతుంది. సముద్రం కూడా తీసేవారికి ఎన్‌డీ 64 మేలు.

ఫిల్టర్ బదులు ఎపర్చర్‌ను ఎఫ్/22 వరకూ మూసి సమయం రాబట్టుకోవడం ఖర్చులేని దారి అనిపిస్తుంది. ఎండలో దానివల్ల డిఫ్రాక్షన్‌తో (చిన్న రంధ్రం గుండా వచ్చే కాంతి చెదరడంతో) వివరాలు కాస్త మెత్తబడడం తప్ప పెద్ద నష్టం ఉండదు. వానలో ఇంకో కారణం తోడవుతుంది: ఎపర్చర్ ఎంత చిన్నదైతే లెన్స్ ముందున్న చినుకు అంత స్పష్టంగా చిత్రంలోకి వస్తుంది. ఎఫ్/8 దగ్గర గుర్తుపట్టలేని చిన్న తుంపర ఎఫ్/22 దగ్గర గుండ్రటి మచ్చగా తేలుతుంది. వెలుతురును ఫిల్టర్‌తో తగ్గించి, ఎపర్చర్‌ను ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఉంచుకోవడం క్షేమం.

పోలరైజర్‌కు పెద్దపీట ఎందుకు

తడిసిన ఆకు నిజానికి పొడి ఆకు కంటే ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. అయినా ఫోటోలో అది తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది, ఎందుకంటే ఆకు మీది నీటిపొర మబ్బు పట్టిన ఆకాశాన్ని ప్రతిఫలిస్తుంది. నల్లరాయి మీద, వాగు ఒడ్డున ఉన్న నాచు మీద కూడా ఇదే జరుగుతుంది. పోలరైజర్‌ను తిప్పుతూ తెర మీద చూస్తే ఒక స్థానం దగ్గర ఆ తెలుపు తొలగి, రాయికి నలుపు, నాచుకు పచ్చదనం తిరిగి వస్తాయి. ఈ పనిని తరువాత కంప్యూటర్‌లో చేయడం కుదరదు, తెలుపు కింద ఉన్న రంగు ఫైల్‌లో నమోదు కాలేదు కాబట్టి. ఎన్‌డీ ఫిల్టర్ చేసే పనిని వేరే దారుల్లో సాధించవచ్చు (వాటి సంగతి కిందికి వస్తుంది), పోలరైజర్ చేసే పనికి మాత్రం ప్రత్యామ్నాయం లేదు.

నీటి ఉపరితలం మీది మెరుపు అన్ని కోణాల్లోనూ ఒకేలా తొలగదు. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల కోణంలో కిందికి చూస్తున్నప్పుడు ప్రభావం అత్యధికంగా ఉంటుంది. నిట్టనిలువుగా కిందికి చూస్తే దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి వాగు అడుగున ఉన్న గులకరాళ్లు కనిపించాలనుకుంటే ట్రైపాడ్ ఎత్తును మార్చి చూడడం ఫిల్టర్‌ను ఇంకా తిప్పడం కంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది. నిలిచిన నీటిలో చెట్ల ప్రతిబింబమే చిత్రానికి ముఖ్యమైనప్పుడు పోలరైజర్‌ను వ్యతిరేక స్థానానికి తిప్పాలి, లేదా తీసేయాలి. తుంపర మీద ఇంద్రధనుస్సు కనిపిస్తే మరింత జాగ్రత్త అవసరం: ఒక స్థానంలో అది ఇంకా కాంతివంతమవుతుంది, ఇంకో స్థానంలో పూర్తిగా మాయమవుతుంది.

గుండ్రటిదా, చతురస్రమా, వేరియబులా

హోల్డర్‌లో జారవిడిచే చతురస్రపు ఫిల్టర్లు ఎండలో, సాయంసంధ్యలో సౌకర్యంగా ఉంటాయి. వానలో వాటి పెద్ద వైశాల్యమే శత్రువు. 100 మిల్లీమీటర్ల పలక మీద చినుకు పడే అవకాశం 77 మిల్లీమీటర్ల గుండ్రటి అద్దం మీద కంటే సహజంగానే ఎక్కువ. పైగా హోల్డర్ వల్ల లెన్స్ హుడ్ (లెన్స్ ముందు తొడిగే గొట్టం లాంటి అంచు) పెట్టడానికి వీలుండదు. అన్నిటికంటే బాధించేది పలకకూ లెన్స్‌కూ మధ్య ఉండే సందు: పైనుంచి జారిన నీరు అందులోకి చేరితే హోల్డర్ మొత్తం ఊడదీసి తుడవవలసి వస్తుంది, ఆ లోపు వాన లెన్స్ మీదే పడుతుంది.

మరతో బిగించే గుండ్రటి ఫిల్టర్ లెన్స్‌కు అంటుకుని ఉంటుంది, ఒక్క గుడ్డ వేటుతో తుడవవచ్చు. మీ దగ్గరున్న లెన్స్‌లలో పెద్ద వ్యాసం దేనిదో చూసి ఆ కొలతకే కొని, చిన్న లెన్స్‌లకు స్టెప్-అప్ రింగులు (పెద్ద ఫిల్టర్‌ను చిన్న లెన్స్‌కు పట్టించేవి) వాడుకుంటే ఖర్చు తగ్గుతుంది. రింగు వాడినప్పుడు లెన్స్‌తో వచ్చిన హుడ్ పట్టకపోవచ్చు, ఆ మేరకు గొడుగు మీద ఆధారపడాలి. పోలరైజర్ మీద ఎన్‌డీ బిగించి రెండూ కలిపి వాడేటప్పుడు వాటి మధ్య చిక్కిన తేమ గాలి చల్లబడి ఆవిరిగా పడుతుందని గుర్తుంచుకోవాలి. బయటి అద్దాన్ని ఎంత తుడిచినా చిత్రం మసకగా ఉంటే తప్పు ఆ రెంటి మధ్య ఉన్నట్టే. వాటిని ఇంటి దగ్గరే, పొడి గదిలో బిగించుకుని వెళ్లడం దీనికి సులువైన ఉపాయం. తడిచేతులతో మర ఇరుక్కుపోయే బెడద కూడా తప్పుతుంది.

తిప్పితే చీకటి మారే వేరియబుల్ ఎన్‌డీ వానకు అనువైనదిగా తోస్తుంది, దేన్నీ తీసి పెట్టనక్కర్లేదు కాబట్టి. అయితే అది నిర్మాణంలో రెండు పోలరైజర్లు కలిసినదే. చీకటి కోసం ముందు అద్దాన్ని తిప్పినప్పుడల్లా తడి రాళ్ల మీది మెరుపు కూడా మారుతుంది. ఎంత సమయం, ఎంత మెరుపు అన్న రెండింటినీ విడివిడిగా ఎంచుకునే స్వేచ్ఛ పోతుంది. చివరి దాకా తిప్పితే, ముఖ్యంగా వైడ్ లెన్స్ మీద, చిత్రానికి అడ్డంగా గుణకారపు గుర్తు లాంటి నల్లటి నీడ పడుతుంది. వీడియో తీసేవారి దగ్గర ఇప్పటికే ఉంటే వాడుకోవచ్చు, ఈ పనికోసం ప్రత్యేకంగా కొనమని చెప్పను.

ఒకే పెద్ద ఎక్స్‌పోజరా, చిన్నవి కలపడమా

ఎనిమిది సెకన్ల చిత్రం కావాలనుకోండి. షట్టర్‌ను ఎనిమిది సెకన్లు తెరిచి ఉంచడం ఒక పద్ధతి. అర సెకను చొప్పున 16 చిత్రాలు వరుసగా తీసి, వాటి సగటును ఒకే చిత్రంగా చేయడం రెండో పద్ధతి. రెండింటిలోనూ నీరు దాదాపు ఒకేలా మెత్తబడుతుంది. వానలో మాత్రం వీటి మధ్య తేడా పెద్దది. మొదటి పద్ధతిలో ఐదో సెకనులో చినుకు పడితే ఆ చిత్రం పోయినట్టే. రెండో పద్ధతిలో పదకొండో చిత్రం దగ్గర చినుకు పడితే మొదటి పదింటినీ ఉంచుకుని మిగిలినవి తీసేయవచ్చు. అద్దం తుడిచి మళ్లీ ఆరు తీసి జోడించినా తేడా తెలియదు, ట్రైపాడ్ కదలకుండా ఉంటే చాలు. అదనంగా, 16 చిత్రాల సగటులో నాయిస్ (చిత్రంలో కనిపించే చుక్కల గరుకు) నాలుగో వంతుకు తగ్గుతుంది.

ఫోటోషాప్‌లో చిత్రాలను స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా చేసి స్టాక్ మోడ్‌లో మీన్ ఎంచుకుంటే సగటు వస్తుంది. డబ్బు పెట్టకూడదనుకునేవారికి ఇమేజ్‌మ్యాజిక్ ఉంది. నికాన్, కానన్ కెమెరాలు చాలావాటిలో మల్టిపుల్ ఎక్స్‌పోజర్ కింద యావరేజ్ అనే వెసులుబాటు ఉంది గానీ, అందులో చినుకు పడిన చిత్రాన్ని విడిగా ఏరివేయలేరు కనుక విడివిడిగా రా (RAW) ఫైళ్లు, అంటే కెమెరా మార్పులు చేయని ఫైళ్లు, తీసుకోవడమే నయం. లోపాలూ ఉన్నాయి: కంప్యూటర్ దగ్గర శ్రమ పెరుగుతుంది, కార్డు త్వరగా నిండుతుంది, చిత్రానికీ చిత్రానికీ మధ్య విరామం ఎక్కువైతే అలల చారలు తెగినట్టు, మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. సముద్రానికి ఒకే ఎక్స్‌పోజర్, అడవి జలపాతానికి సగటు పద్ధతి అన్నది నా ఎంపిక.

ఈ సగటునే కెమెరా లోపలే చేసే సదుపాయం ఒలింపస్ 2019లో ఓఎం-డీ ఈ-ఎం1ఎక్స్‌తో లైవ్ ఎన్‌డీ పేరిట తెచ్చింది. 2022లో వచ్చిన ఓఎం-1 దాన్ని ఆరు స్టాపుల వరకు, 2024 నాటి రెండో తరం ఓఎం-1 ఏడు స్టాపుల వరకు పెంచాయి. తగిన లెన్స్‌తో ఈ రెండు ఓఎం-1 కెమెరాలకు ఐపీ53 రేటింగు (ధూళి, నీటి నుంచి రక్షణను తెలిపే అంకె) కూడా ఉన్నందున, వానలో ఎక్కువగా తిరిగేవారు కొత్త కెమెరా కొనేటప్పుడు వీటిని పరిశీలించడం సమంజసం. సెన్సార్ చిన్నదన్న అభ్యంతరం ఈ పనిలో అంత బరువైనది కాదు, సగటు తీయడంతోనే నాయిస్ తగ్గిపోతుంది కనుక.

ఫోన్‌ను చిన్నచూపు చూడనక్కర్లేదు. ఐఫోన్‌లో లైవ్ ఫోటోను లాంగ్ ఎక్స్‌పోజర్‌గా మార్చే ఎఫెక్ట్ 2017 నుంచి ఉంది. షట్టర్ నొక్కిన క్షణానికి ముందూ వెనుకా ఒకటిన్నర సెకను చొప్పున మొత్తం మూడు సెకన్ల కదలిక అందులో కలుస్తుంది. 2021లో పిక్సెల్ 6తో గూగుల్ ఫోన్లలోనూ ఇలాంటి సదుపాయం వచ్చింది. ఫోన్ లెన్స్ చాలా చిన్నది కావడంతో ఒక్క చినుకే దృశ్యమంతటినీ కప్పేస్తుంది, కానీ చొక్కా కొసతో ఒకసారి తుడిస్తే పోతుంది. చిత్రాన్ని పెద్ద సైజులో ప్రింట్ చేయించే ఉద్దేశం లేనివారు, నీళ్లలో పడినా పెద్దగా భయం లేని ఫోన్‌తో చిన్న ట్రైపాడ్ మీద తృప్తికరమైన ఫలితాలు పొందగలరు.

మరొక విషయం ఈ అంశానికి పక్కదే అయినా ఇక్కడే చెప్పాలి. కురుస్తున్న వాననే చూపించాలన్నది మీ కోరిక అయితే లాంగ్ ఎక్స్‌పోజర్ సరైన దారి కాదు. పెద్ద చినుకు సెకనుకు తొమ్మిది మీటర్ల వరకూ వేగంతో పడుతుంది; రెండు సెకన్ల ఎక్స్‌పోజర్‌లో అది ఏ గుర్తూ మిగల్చదు, చిత్రమంతా పల్చటి తెర వేసినట్టు కాంట్రాస్ట్ తగ్గుతుంది, అంతే. ముదురు రంగు చెట్ల నేపథ్యంలో సెకనులో 30 నుంచి 60వ వంతు పెడితేనే వాన గీతలు గీతలుగా కనిపిస్తుంది.

గొడుగు, కవరు, ప్లాస్టిక్ సంచి

కెమెరా శరీరం తడవకుండా చూడడం, లెన్స్ ముందు అద్దం తడవకుండా చూడడం వేర్వేరు పనులు. దుకాణాల్లో అమ్మే రెయిన్ కవర్లు, వాటికి బదులు వాడే మందపాటి ప్లాస్టిక్ సంచి మొదటి పనికి మాత్రమే పనికివస్తాయి. సంచికి లెన్స్ పట్టేంత రంధ్రం చేసి, హుడ్ చుట్టూ రబ్బరు బ్యాండు వేస్తే చాలా రెయిన్ కవర్లకు ఏమాత్రం తీసిపోదు. గాలికి అది రెపరెపలాడితే ఆ కదలిక కెమెరాకు అందుతుంది కాబట్టి, వదులుగా వేలాడే భాగాన్ని ట్రైపాడ్ కాలికి చుట్టి కట్టాలి.

రెండో పనికి గొడుగే దిక్కు. గొడుగును ట్రైపాడ్‌కు బిగించే క్లాంపులు దొరుకుతాయి; గాలి లేని వానలో అవి చేతులకు విశ్రాంతినిస్తాయి, కాస్త గాలి లేచిందంటే గొడుగు తెరచాపగా మారి కెమెరాను ఊపేస్తుంది. తోడు వచ్చినవారు పట్టుకుంటే అంతకంటే మేలైన ఏర్పాటు లేదు. ఒంటరిగా ఉంటే మెడకూ భుజానికీ మధ్య గొడుగు కాడను నొక్కిపట్టి, ట్రైపాడ్‌కు తగలకుండా నిలబడడం అలవాటు చేసుకోవాలి. ముదురు రంగు గొడుగు ఎంచుకోండి. ఎర్రది, పసుపుపచ్చది అయితే దగ్గరి తడి రాళ్ల మీద దాని రంగు పడుతుంది.

చివరి అర నిమిషం పని ఎలా సాగాలో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ చిత్రాలు పాడయ్యేది ఇక్కడే. ఫ్రేమ్, ఫోకస్, ఎక్స్‌పోజర్ అన్నీ ముందే నిర్ణయించి, ఫోకస్‌ను మాన్యువల్‌కు మార్చి, లెన్స్‌కు హోటళ్లలో ఇచ్చే షవర్ క్యాప్ తొడిగి ఉంచాలి. గొడుగును గాలి వచ్చే వైపుకు వంచి, క్యాప్ తీసి, ముందు బ్లోయర్‌తో చినుకులను అంచుకు తోసేయాలి. నీటిని నిలవనివ్వని పూత ఉన్న ఫిల్టర్ల మీద చినుకులు ఊదితేనే దొర్లిపోతాయి. మిగిలిన తడిని మైక్రోఫైబర్ గుడ్డతో మధ్యనుంచి అంచుకు తుడిచి, వెంటనే రెండు సెకన్ల టైమర్ నొక్కాలి. చిత్రం రాగానే తెర మీద పెద్దది చేసి, ముఖ్యంగా పై మూలల్లో మచ్చలున్నాయేమో చూసి, మళ్లీ క్యాప్ తొడగాలి. అద్దానికి వాడే గుడ్డతో కెమెరాను తుడవకూడదు. కెమెరాకు, చేతులకు పాత నూలు తువ్వాలు వేరుగా పెట్టుకుంటే అద్దపు గుడ్డలు ఎక్కువసేపు పొడిగా ఉంటాయి. గుడ్డలు రెండు మూడు, ఒక్కొక్కటీ విడి జిప్ కవరులో ఉండాలి.

కేబుల్ రిలీజ్ (తీగతో షట్టర్ నొక్కే బటన్), ఫోన్ యాప్, టైమర్ ఈ మూడింటిలో వానకు టైమర్ ఉత్తమం. కేబుల్ పెట్టాలంటే కెమెరా పక్కనున్న రబ్బరు మూత తెరవాలి, నీరు లోపలికి పోవడానికి అంతకంటే సులువైన ద్వారం ఉండదు. ఫోన్ తెర తడిస్తే వేలిమాట వినదు. టైమర్‌తో 30 సెకన్ల వరకు అన్ని కెమెరాల్లోనూ తీయవచ్చు, వానలో అంతకు మించి తీయవలసిన అవసరం తక్కువేనని పైన చూశాం. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్‌ను కూడా ఆపేయండి. అది ప్రతి చిత్రం తరువాత అంతే సమయం కెమెరాను కట్టిపడేస్తుంది.

వెదర్ సీలింగ్ (నీరు, ధూళి చొరకుండా చేసే మూసివేత) ఉన్న కెమెరా కొంత ధైర్యమిస్తుంది, కానీ ఐపీ అంకె పేర్కొనని సీలింగ్ ఎంత నీటిని ఆపుతుందో కొనేవారికి తెలిసే మార్గం లేదు. ప్రవేశ స్థాయి కెమెరాలు, ఉదాహరణకు కానన్ 1500డీ, నికాన్ డీ3500, వీటికి సీలింగ్ అసలే లేదు. కానన్ ఖరీదైన ఎల్ శ్రేణి లెన్స్‌లలో 17-40 ఎఫ్/4 వంటి కొన్నింటికి ముందు ఫిల్టర్ బిగిస్తేనే రక్షణ పూర్తవుతుంది. సంచీ, గొడుగు రెండూ వాడే పద్ధతిమంతులకు సీలింగ్ లేని కెమెరా కూడా మోస్తరు వానలో పనిచేస్తుంది. అందుచేత సీలింగ్ కోసమే కెమెరా మార్చడం కంటే ఆ డబ్బును మంచి పోలరైజర్ మీద, గట్టి ట్రైపాడ్ మీద పెట్టడం వివేకం. ట్రైపాడ్ విషయంలో ఒక్క మాట: బురదలో తిప్పి బిగించే కాళ్లకంటే మీట నొక్కి బిగించే కాళ్లు తడిచేతికి సులువు, ఇసుక చేరితే శుభ్రం చేయడమూ తేలిక.

లెన్స్‌ను బట్టి చోటు, చోటును బట్టి లెన్స్

వైడ్ లెన్స్ హుడ్ చాలా లోతు తక్కువది, చినుకును ఆపలేదు. 70 నుంచి 200 మిల్లీమీటర్ల జూమ్ హుడ్ లోతైనది. దానిలోపలి అద్దాన్ని వాలుగా పడే చినుకు కూడా సులభంగా చేరలేదు. అంతకంటే ముఖ్యం, పొడవైన లెన్స్ ఉంటే జలపాతపు తుంపరకు అందనంత దూరంలో నిలబడవచ్చు. వానకాలపు జలపాతాల్లో పైనుంచి పడే వాన కంటే ఎదురుగా వచ్చే తుంపరే పెద్ద శత్రువు, ఎందుకంటే దాన్ని గొడుగు ఆపదు.

ఈ కొలతతో చూస్తే నాగార్జునసాగర్ దగ్గరి ఎత్తిపోతల కొత్తవారికి అనుకూలమైనది. చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే దృశ్యాన్ని ఎదురుగా ఉన్న ఎత్తైన చోటు నుంచి, తుంపర అందని దూరంలో చూడవచ్చు. మధ్యస్థ జూమ్, పోలరైజర్, గొడుగు ఉంటే చాలు. ములుగు జిల్లా వాజేడు మండలంలోని బొగత దీనికి విరుద్ధం: ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ, ఉధృతంగా ఉన్నప్పుడు తుంపర జల్లులా ముఖాన కొడుతుంది. అక్కడ వైడ్ లెన్స్‌తో ముందుకు వెళ్లాలన్న కోరికను అణచుకుని, వెనక్కి జరిగి, ధారలో ఒక భాగాన్ని మాత్రమే ఫ్రేములోకి తీసుకోవడం, సగటు పద్ధతి వాడడం ఫలిస్తాయి. ఆదిలాబాద్ జిల్లా కుంటాల దగ్గర కడెం నది సుమారు 45 మీటర్లు దిగుతుంది; మెట్లు దిగి వెళ్లాలి కాబట్టి బరువైన సామగ్రి మోయడం, తడి మెట్ల మీద తిరిగి ఎక్కడం రెండూ ఆలోచించుకోవాలి. తలకోనకు వెళ్లదలచినవారు జూలైకి బదులు ఈశాన్య రుతుపవనాల కాలం, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఎంచుకోవాలి.

విశాఖ తీరంలో, యారాడ నుంచి భీమిలి వరకు, ఇబ్బంది వేరు. ఇక్కడ అద్దం మీద పడేది ఉప్పునీటి తుంపర. పొడి గుడ్డతో తుడిస్తే జిడ్డు మరకగా పరుచుకుంటుంది. మంచినీటితో కాస్త తడిపిన గుడ్డతో ముందు తుడిచి, తరువాత పొడి గుడ్డ వాడాలి. అల వెనక్కి తగ్గేటప్పుడు ట్రైపాడ్ కాళ్ల కింది ఇసుక జారిపోతుంది కాబట్టి, కాళ్లను ముందే లోతుగా గుచ్చి, ఒక అల వచ్చి పోయాక గానీ షట్టర్ నొక్కకూడదు. అరకు, అనంతగిరి కొండల్లో మబ్బులు లోయలోకి దిగే దృశ్యానికి మాత్రం అర నిమిషం నుంచి రెండు నిమిషాల ఎక్స్‌పోజర్ బాగుంటుంది. సముద్రాన్ని చదును చేసే చిత్రాలను మినహాయిస్తే, పైన పక్కన పెట్టిన ఎన్‌డీ 1000 ఉపయోగపడే చోటు అదొక్కటే, అదీ వాన ఆగిన విరామంలో.

వాన పడుతుండగానా, ఆగాకా

వరద ఉధృతంగా ఉన్నప్పుడు నీరు ఎర్రమట్టి రంగులో ఉంటుంది. దాన్ని లాంగ్ ఎక్స్‌పోజర్‌లో తీస్తే తెల్లటి ధారలకు బదులు గోధుమరంగు పలక లాంటిది వస్తుంది; రాళ్లన్నీ మునిగిపోవడంతో ధార విడిపోయే చోట్లు కూడా ఉండవు. భారీ వాన తగ్గిన రెండు మూడు రోజులకు నీరు తేటపడి, రాళ్లు బయటపడి, ఆకులు ఇంకా తడిగానే ఉంటాయి. సన్నటి జల్లు పడుతున్న అలాంటి రోజు ఈ పనికి అన్నివిధాలా ఉత్తమమైనది. గాలి తక్కువగా ఉండే తెల్లవారుజాము అయితే కొమ్మలు కూడా కదలవు. కదిలే పక్షంలో నీటికోసం ఒక సెకను చిత్రం, ఆకులకోసం ఐఎస్‌ఓ పెంచి వేగంగా మరో చిత్రం తీసి తరువాత కలుపుకోవచ్చు.

భారత వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షమని, 115.6 నుంచి అతి భారీ వర్షమని అంటుంది. నారింజ, ఎరుపు హెచ్చరికలున్న రోజున జలపాతం ఎంపికలోనే ఉండకూడదు. 2023 జూలైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతం చూడబోయిన పర్యాటకులు వాగు పొంగి అడవిలో చిక్కుకుపోతే జాతీయ విపత్తు స్పందన దళం వెళ్లి బయటకు తేవలసి వచ్చింది. పైన ఎక్కడో పడిన వానకు కింద వాగు పెరుగుతుంది, మీరు నిలబడ్డ చోట ఎండ కాస్తూ ఉండవచ్చు. ఉరుముల విషయంలో పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోవడం మంచిది. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు లేకపోతే ట్రైపాడ్ అక్కడే వదిలి భవనంలోకో కారులోకో వెళ్లి, చివరి ఉరుము తరువాత అరగంట ఆగాలి. కార్బన్ ఫైబర్ కాళ్లు విద్యుత్తును ప్రవహింపజేయవనే నమ్మకం తప్పు.

తిరిగి వచ్చాక

ముందు వెళ్లేటప్పటి జాగ్రత్త ఒకటి: ఏసీ కారులోంచి, ఏసీ గదిలోంచి తీసిన కెమెరాకు బయటి తేమగాలి తగలగానే అద్దమంతా ఆవిరి పడుతుంది, కనుక చేరడానికి 20, 30 నిమిషాల ముందే ఏసీ ఆపి, కెమెరాను సంచిలోనే ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. ఇంటికి వచ్చాక తడి సంచిలో కెమెరాను రాత్రంతా వదిలేయడం ఫంగస్‌ను పిలిచినట్టే. బ్యాటరీ, కార్డు తీసి, మూతలన్నీ తెరిచి, ఫ్యాను గాలికి కొన్ని గంటలు ఆరనివ్వాలి. బియ్యంలో పెట్టడం వల్ల తవుడు ధూళి సందుల్లో చేరడం తప్ప లాభం లేదు. ఆరాక దాచడానికి రెండు దారులున్నాయి. కరెంటుతో పనిచేసే డ్రై క్యాబినెట్ తేమను 40 నుంచి 50 శాతం మధ్య తనంతట తానే నిలుపుతుంది. కాకినాడ, విశాఖ వంటి తీరపట్టణాల్లో ఉండి మూడు నాలుగు లెన్స్‌లు ఉన్నవారికి అది తగిన ఖర్చే. ఒకటి రెండు లెన్స్‌లవారికి, హైదరాబాదు వంటి కాస్త పొడి ఊళ్లవారికి, గాలి చొరని వంటింటి ప్లాస్టిక్ డబ్బా, రంగు మారే సిలికా జెల్, చిన్న తేమ మీటరు సరిపోతాయి. జెల్ రంగు మారినప్పుడు పెనం మీద సన్నటి సెగన వేడిచేసి, పూర్తిగా చల్లారాక తిరిగి డబ్బాలో పెట్టుకోవచ్చు. నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది కాబట్టి, నారింజ రంగుదాన్ని కొని, వంటకు వాడని పాత పెనం మీదే వేడిచేయాలి.